పారికత్తులో రాయని దారి

మా తాతయ్య బతికుండగానే పొలం పంచేశారు. నాలుగెకరాలు, ఇద్దరు కొడుకులు. ఇంటి అరుగు మీద పెద్దమనుషులు కూర్చుని పారికత్తు, అంటే పంపకాల కాగితం, రాయించారు. బోదె నీళ్ళ వంతు ఎవరిది ముందో రాశారు, గట్టు మీద కొబ్బరిచెట్లు ఎవరికెన్నో రాశారు, పాత ఎడ్లబండి ఎవరికో కూడా రాశారు. రాయనిది ఒక్క దారి సంగతే. రోడ్డు పక్క రెండెకరాలు బాబాయికి వచ్చాయి, వాటి వెనక రెండెకరాలు నాన్నకి. మా చేలోకి బండి పోవాలంటే బాబాయి గట్టు మీదుగానే పోవాలి. ఎవరో అడిగారట, దారి కూడా రాయించమంటారా అని. "అన్నదమ్ముల మధ్య దారికి కాగితమేమిట్రా" అన్నారట తాతయ్య.

తాతయ్య ఉన్నంతకాలం బండ్లు నడిచాయి. ఆయన పోయాక కూడా బాబాయి ఎప్పుడూ వద్దనలేదు, పాపం మంచివాడే. కాకపోతే కోతలప్పుడు ట్రాక్టరు తెచ్చిన ప్రతిసారీ నాన్న ముందురోజు వెళ్ళి "రేపు మన బండి వస్తుందిరా" అని చెప్పి రావాల్సి వచ్చేది. ఒక ఏడాది పెళ్ళి సంబంధం విషయంలో మాటా మాటా వచ్చింది. ఆ పంటకి కూలీల చేత మోపులన్నీ నెత్తి మీద మోయించాం. కోర్టుకెళితే దారి హక్కు వస్తుందని ప్లీడరు గారు చెప్పారు. బాబాయి మీద కేసు వేస్తామా?

ఫెడరలిజం, అంటే కేంద్రం, రాష్ట్రాలు అధికారం పంచుకునే పద్ధతి గురించి ఎవరైనా టీవీలో గొంతు చించుకుంటుంటే నాకు ఆ గట్టు గుర్తొస్తుంది.

సివిక్స్ పుస్తకంలో దీన్ని అయిదు మార్కులకి అయిదు పాయింట్లుగా చదివాం. లిఖిత రాజ్యాంగం, రెండు స్థాయిల ప్రభుత్వాలు, వాటి మధ్య అధికారాల పంపకం, తగువులు తీర్చే స్వతంత్ర న్యాయస్థానం, రాష్ట్రాల తరఫున ఒక ఎగువ సభ. ఇందులో తప్పేం లేదు. కానీ ఈ అయిదూ ఉండి కూడా ఒక రాష్ట్రం ఢిల్లీకి బ్రాంచి ఆఫీసులా బతకొచ్చు. నా మటుకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: కింద ఉన్నవాడు పైవాణ్ణి అడక్కుండా ఎంత దూరం పోగలడు? పైవాడు మంచివాడా చెడ్డవాడా అన్నది దీనికి సంబంధం లేని విషయం. మంచి బాబాయి ఉన్నా అడిగి వెళ్ళే దారి అడిగి వెళ్ళే దారే.

మన దేశపు పారికత్తు, అదే రాజ్యాంగం, ఏం చెబుతుందో చూద్దాం. మొదటి అధికరణంలోనే "ఇండియా, అంటే భారత్, రాష్ట్రాల యూనియన్" అని ఉంటుంది. ఫెడరేషన్ అనే మాట రాజ్యాంగంలో వాడలేదు. 1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేడ్కర్ దీనికి కారణం చెప్పారు. ఈ సమాఖ్య రాష్ట్రాలు తమలో తాము ఒప్పందం చేసుకుంటే పుట్టింది కాదు, కాబట్టి విడిపోయే హక్కూ ఏ రాష్ట్రానికీ లేదు అన్నారు. దేశ విభజన జరిగి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. ఆ రోజుల్లో ఆ సభలో కూర్చున్నవాళ్ళు బలమైన కేంద్రం కావాలనుకోవడాన్ని నేను తప్పు పట్టలేను.

ఏడో షెడ్యూలులో మూడు జాబితాలు రాశారు. మొదట్లో కేంద్రానికి 97 అంశాలు, రాష్ట్రాలకు 66, ఉమ్మడివి 47. ఉమ్మడి దాంట్లో ఇద్దరూ చట్టాలు చేసి అవి ఢీకొంటే మామూలుగా కేంద్రం మాటే నెగ్గుతుంది. ఏ జాబితాలోనూ లేని అంశం పుట్టుకొస్తే అదీ కేంద్రానిదే. అమెరికాలో ఇది తలకిందులు, రాయని అధికారాలు అక్కడ రాష్ట్రాలవి, ప్రజలవి. ఎమర్జెన్సీలో, 1976లో, 42వ సవరణతో చదువు, అడవులు లాంటి అయిదు అంశాల్ని రాష్ట్రాల చేతిలోంచి తీసి ఉమ్మడిలో పెట్టారు. ఇవాళ నీట్ పరీక్ష మీద జరిగే గొడవకి వేరు అక్కడుంది.

అయినా జాబితాలకి కొంత కాపలా ఉంది. ఏడో షెడ్యూలు మార్చాలంటే పార్లమెంటులో మూడింట రెండొంతుల మెజారిటీ, పైగా సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కావాలి. ఇప్పుడు మూడో అధికరణం చూడండి. రాష్ట్రాన్ని చీల్చాలన్నా, కలపాలన్నా, సరిహద్దు జరపాలన్నా, పేరు మార్చాలన్నా పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. దాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించనక్కర్లేదని నాలుగో అధికరణం ప్రత్యేకంగా చెబుతుంది. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలి, వినాలన్న రూలు మాత్రం లేదు. రాష్ట్రానికున్న ఒక అధికారాన్ని తీసుకోవడం కష్టం, రాష్ట్రాన్నే మాయం చేయడం తేలిక! నేను మొదటిసారి ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు ఏదో పేజీ వదిలేశాననుకుని మళ్ళీ వెనక్కి తిప్పాను.

1787లో ఫిలడెల్ఫియాలో కూర్చున్నవాళ్ళు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా రాసుకున్నారు. ఒక రాష్ట్రం పరిధిలో ఇంకో రాష్ట్రం ఏర్పాటు చేయాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలి. అంతర్యుద్ధం మధ్యలో, 1863లో, వర్జీనియా నుంచి వెస్ట్ వర్జీనియాను విడదీశారు. వర్జీనియా అప్పటికే తిరుగుబాటు చేసి బయటికి పోయింది. అలాంటప్పుడు కూడా, యూనియన్ పక్షాన ఉన్నవాళ్ళు వీలింగ్ పట్టణంలో మేమే అసలు వర్జీనియా ప్రభుత్వం అని ఒకటి పెట్టుకుని, దాని చేత "ఒప్పుకుంటున్నాం" అనిపించుకున్నాకే పని ముందుకు కదిలింది. నాటకమే, కాదనను. కానీ తుపాకులు పేలుతున్నప్పుడు కూడా ఆ నాటకం ఆడక తప్పలేదు చూశారా, కాగితానికి ఉన్న బలం అది.

మన దగ్గర 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. లోక్‌సభలో ఓటింగ్ జరుగుతున్నంతసేపూ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. మా ఇంట్లో అందరం నల్లగా ఉన్న టీవీ ముందు కూర్చున్నాం. ఆ కోపం నాకు చాలాకాలం పోలేదు.

నన్ను మార్చింది కరీంనగర్ నుంచి వచ్చిన నా రూమ్మేట్. ఒక రాత్రి నా వాదనంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత "అన్నా, అసెంబ్లీల మనకు 294 సీట్లు. గందుట్ల మావి 119, మీవి 175. మీరు ఒప్పుకుంటెనే మాకు రాష్ట్రం అంటే, ఎప్పటికి వస్తది చెప్పు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మూడో అధికరణంలో ఒప్పుకోలు షరతు ఉండుంటే తెలంగాణ వచ్చేది కాదు. 1953లో మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయిందీ ఈ అధికరణం కిందే. పొట్టి శ్రీరాములు 58 రోజులు దీక్ష చేసి ప్రాణం వదిలితే గానీ ఢిల్లీ కదల్లేదు గానీ, కదిలాక అడ్డు లేకపోయింది. ఒక రాష్ట్రంలో మైనారిటీగా ఉన్న ప్రాంతానికి కేంద్రం చేతిలోని ఈ కత్తే దిక్కు.

కాబట్టి నా ఫిర్యాదు కత్తి ఉండటం మీద కాదు. దానికి పిడి తప్ప ఒర లేదు, అదీ నా ఫిర్యాదు. విభజన అడిగే ప్రాంతపు సభ్యులు మాత్రమే ఓటేసే పద్ధతి పెట్టొచ్చు, ప్రత్యేక మెజారిటీ అడగొచ్చు, పంపకాలు తేలాకే చీలిక అనొచ్చు. మధ్యేమార్గాలు చాలా ఉన్నాయి. మనకు ఏదీ లేదు. అందుకే విభజన చట్టం 9, 10 షెడ్యూళ్ళలోని సంస్థల పంపకాల మీద పదేళ్ళు దాటినా రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకుంటూనే వచ్చాయి.

ఇక్కడే మా గట్టు మళ్ళీ తగులుతుంది. అదే ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ళు ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. సాక్షాత్తూ ప్రధాని, సాక్షాత్తూ పార్లమెంటులో. చట్టంలో మాత్రం ఆ వాక్యం లేదు. రాజధానిని పదేళ్ళు ఉమ్మడిగా వాడుకోవచ్చన్నది చట్టంలో రాశారు, కాబట్టి అది 2024 జూన్ 2 దాకా కాగితం మీదైనా నిలిచింది. హోదా మాట అన్న ప్రభుత్వం మూడు నెలల్లో దిగిపోయింది, దాంతోపాటే మాటా పోయింది. జమ్మూ కశ్మీర్ సంగతీ ఇలాగే నడిచింది. 2019లో ఒక రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేశారు. అప్పుడక్కడ శాసనసభే లేదు, అభిప్రాయం చెప్పాల్సిన పని కూడా పార్లమెంటే చేసింది. రాష్ట్రాన్ని కేంద్రపాలిత ప్రాంతంగా దించొచ్చా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023 డిసెంబరులో కోర్టు, రాష్ట్ర హోదా మళ్ళీ ఇస్తామని సొలిసిటర్ జనరల్ చెప్పారు కాబట్టి ఆ ప్రశ్న జోలికి పోనక్కర్లేదంది. అన్నదమ్ముల మధ్య కాగితమేమిట్రా అన్నట్టే వినిపించింది నాకు.

రాతకు ఉన్న విలువ తెలియాలంటే 1984 ఆగస్టు చూడాలి. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఎన్టీఆర్‌ను 16వ తేదీన గవర్నరు రామ్‌లాల్ బర్తరఫ్ చేశారు. బలం నేను సభలో చూపిస్తాను అన్నా వినలేదు. ఆయన స్థానంలో ముఖ్యమంత్రిని చేసిన నాదెండ్ల భాస్కరరావుకి మాత్రం నెల గడువిచ్చారు. తర్వాత జరిగింది మన పెద్దవాళ్ళు కథలు కథలుగా చెబుతారు. ఎమ్మెల్యేలను రాష్ట్రపతి ముందు నిలబెట్టడం, కర్ణాటకలో క్యాంపు, ఊరూరా జనం రోడ్డెక్కడం. సరిగ్గా నెలకి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. కానీ అది జనం గెలిపించిన కేసు. అంత జనాకర్షణ లేని ముఖ్యమంత్రులు ఎందరో ఆ దెబ్బకి పోయినవాళ్ళు పోయినట్టే ఉన్నారు. 1994లో కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం, మెజారిటీ తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు శాసనసభలో అని రాసింది, రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణం కింద ప్రభుత్వాల రద్దును కోర్టు పరిశీలించొచ్చు అనీ రాసింది. ఆ తర్వాత రాష్ట్రపతి పాలనలు బాగా తగ్గాయి. గవర్నర్ల చాదస్తం తగ్గలేదులెండి, ఇప్పుడు బిల్లుల మీద కూర్చుంటున్నారు.

డబ్బు లెక్క త్వరగా చెప్పి వదిలేస్తాను. 2021లో కొన్ని నెలలపాటు లీటరు పెట్రోలు మీద కేంద్రం వసూలు చేసిన సుంకం 32 రూపాయల 90 పైసలు. అందులో అసలు ఎక్సైజ్ 1 రూపాయి 40 పైసలు. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక అదనపు సుంకం. రాష్ట్రాలకు పంచాల్సింది ఆ 1.40 లోంచే. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం అంటే 57 పైసలు, దేశంలోని రాష్ట్రాలన్నీ కలిపి. ఉమ్మడి కుండలో వేయకుండా వేరే చెంబులో పోసుకుంటే వాటా శాతం ఎంత పెంచితే ఏం? జీఎస్టీ కౌన్సిల్లో కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండొంతులు, తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడొంతులు కావాలి. రాష్ట్రాలన్నీ ఏకమైనా కేంద్రం లేకుండా ఏమీ చేయలేవు. కేంద్రమూ ఒంటరిగా ఏమీ చేయలేదు, అది ఒప్పుకోవాలి. ఎగువ సభ గురించైతే, 2003 నుంచి రాజ్యసభకి వెళ్ళేవాళ్ళు ఆ రాష్ట్రంలో ఓటరై ఉండనక్కర్లేదు. మన రాష్ట్రం పేరున అక్కడ కూర్చున్న కేంద్రమంత్రుల్ని ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇంతవరకు రాసింది చదివి ఢిల్లీ మీద మంచి వేడి మీద ఉన్నారా? నేనూ అలాగే ఉండేవాణ్ణి, మా పెద్దమ్మ గారి అల్లుడు సర్పంచ్ అయ్యేదాకా. బావది ఏ రాష్ట్రమో, ఏ జిల్లానో చెప్పను. చెబితే చర్చంతా ఈ పార్టీ ఆ పార్టీ అని పక్కదారి పడుతుంది.

పోయిన వేసవికి ముందు వేసవి వాళ్ళింటికి వెళ్ళాను. ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు కాలిపోయి రెండో రోజు. వాకిట్లో బిందెలతో పది, పన్నెండు మంది ఆడవాళ్ళు. బావ నులకమంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్‌కి వేలెడంత డాంగిల్ గుచ్చి, తన డిజిటల్ సంతకంతో బిల్లు పైకి పంపుతున్నాడు. స్క్రీన్ మీద పంచాయతీ ఖాతాలో డబ్బు అంకె కనిపిస్తూనే ఉంది. బిల్లు పక్కన మాత్రం "పెండింగ్" అని వస్తోంది.

"ఖాతా మీదే కదా బావా, డబ్బూ ఉంది కదా?" అన్నాను.

"ఖాతా నాదే. తాళంచెవి పైన" అన్నాడు.

అంతకు ముందు ఆర్థిక సంఘం డబ్బు వచ్చిందట. కేంద్రం నుంచి నేరుగా పంచాయతీ పేరుతో వచ్చిన డబ్బు. వచ్చినట్టు ఫోనుకి మెసేజ్ వచ్చింది, మర్నాడు ఖాతా చూస్తే చాలా మటుకు లేదు. పాత కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నామని తర్వాత తెలిసింది. పంచాయతీ తీర్మానం లేదు, సంతకం లేదు. ఆ మోటారుకి రీవైండింగ్ చేయించడానికి బావ మా అక్కని అడిగి ఆమె చీటీ డబ్బులోంచి పద్దెనిమిది వేలు తీశాడు.

"నువ్వు ఢిల్లీ మా నిధులు మళ్ళించింది అని రాస్తుంటావు కదరా, మాదీ రాయి" అన్నాడు. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు.

అప్పట్నుంచీ పారికత్తు మూడో పేజీ చదవడం మొదలుపెట్టాను. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు రాజ్యాంగంలో చోటిచ్చింది. 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి: తాగునీరు, రోడ్లు, ప్రాథమిక విద్య, చిన్న నీటిపారుదల వగైరా. చూడ్డానికి ఏడో షెడ్యూలులాగే ఉంటుంది. తేడా 243జీ అధికరణంలో ఒక్క మాటలో ఉంది. రాష్ట్ర శాసనసభ ఈ అధికారాలు పంచాయతీలకు "ఇవ్వవచ్చు" అని ఉంది. ఇవ్వాలి అని లేదు. కేంద్రం రాష్ట్రాలకు అధికారాలు ఇవ్వవచ్చు అని ఏడో షెడ్యూలు రాసుంటే మన ముఖ్యమంత్రులు ఒక్కరోజు ఊరుకునేవారా? కింది స్థాయికి అదే భాష వాడితే అందరికీ సుఖంగానే ఉంది.

ఎన్నికలైనా రాతలో గట్టిగా ఉన్నాయి కదా అనుకుంటాం. అయిదేళ్ళ గడువు ముగిసేలోపు పెట్టాలని రాజ్యాంగం ఖరాఖండిగా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో జరగాల్సిన పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి, అదీ కోర్టుల చుట్టూ తిరిగాక. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదలు ఏడాదికి పైగా ప్రత్యేకాధికారులే సర్పంచుల కుర్చీల్లో కూర్చున్నారు. ఆ ఆలస్యం మూడు వేర్వేరు పార్టీల ప్రభుత్వాల కాలంలోది, కాబట్టి ఎవరూ చంకలు గుద్దుకోనక్కర్లేదు. ఒక రాష్ట్ర శాసనసభకి మూడేళ్ళు ఎన్నికలు పెట్టకుండా ఢిల్లీ నుంచి ఒక ఐఏఎస్‌ని పంపి పాలించమంటే ఫెడరలిజం మీద ఎన్ని సభలు జరిగేవి? అయిదేళ్ళకోసారి వేయాల్సిన రాష్ట్ర ఆర్థిక సంఘం ఒకటుంది. దాని పేరు విన్నవాళ్ళు ఎంతమందో చేతులెత్తండి.

చేయలేక కాదు. కేరళలో 1996లో ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం దాకా స్థానిక సంస్థలకు వదిలేస్తామని చెప్పి వదిలారు. రాజ్యాంగం కేరళకి వేరేగా రాయలేదు, అదే "ఇవ్వవచ్చు". అక్కడా ఆ శాతం ప్రభుత్వాన్ని బట్టి అటూ ఇటూ అయింది. నాకు కావాల్సింది ఆ ఒక్క క్రియాపదం మారడం. కొన్ని అంశాలైనా, కొంత పన్ను అయినా, రాష్ట్రం ముట్టుకోలేనివిగా పంచాయతీ పేరున రాసి ఉండాలి. దానికి రాష్ట్రాలు ఒప్పుకోవంటారా? ఒప్పుకోవు. ఢిల్లీ కూడా ఒప్పుకోదు, మూడో అధికరణం గురించి అడిగితే. చేతిలో తాళంచెవి ఉన్నవాడికి తాళం ఎప్పుడూ భద్రత కోసమే.

నన్ను ఒకరు అడిగారు, సర్పంచులు తినేస్తారు కదండీ, అంత డబ్బు వాళ్ళ చేతికిస్తే ఎలా అని. తినేవాళ్ళు ఉంటారు. 1948లో ముఖ్యమంత్రుల గురించి ఢిల్లీలో ఇలాంటి మాటలే అని ఉంటారు. తిన్నవాణ్ణి పట్టుకోవడానికి ఆడిట్ ఉంది, గ్రామసభ ఉంది, అయిదేళ్ళకోసారి ఓటుంది. మోటారు కాలిపోయిన ఊళ్ళో బిందెలు ఎవరి వాకిట్లో పెట్టాలో అక్కడి ఆడవాళ్ళకి తెలుసు. "పెండింగ్" అన్న అక్షరాల వెనక ఎవరున్నారో మాత్రం వాళ్ళకీ తెలీదు, బావకీ తెలీదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బాబాయిని పక్కకి తీసుకెళ్ళి ఆ గట్టు సంగతి ఎత్తాను. ఇప్పుడు గొడవలేం లేవు, ట్రాక్టరు చక్కగా వెళ్తోంది. అయినా రిజిస్ట్రారు ఆఫీసుకెళ్ళి పన్నెండడుగుల దారి రాసేస్తే అయిపోతుంది కదా బాబాయ్, ఖర్చు నేను పెట్టుకుంటాను అన్నాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. భుజం మీద చెయ్యేసి, "ఇప్పుడవన్నీ ఎందుకురా, నేనున్నానుగా" అన్నాడు.